కొనేముందు ఒక కునుకు

ఫిబ్రవరి పదకొండు, బుధవారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక. ఏలూరులో కాలువ గట్టు మీది పాత ఉన్నికొట్టు భవనం, పై అంతస్తు.

ఉన్నవారు: అమ్మేవారు మెహరున్నిసా గారు. చూడవచ్చినవారు జోజిబాబు గారు, ఆయన భార్య ఎస్తేరు గారు. ఆఫీసు తరఫున లక్ష్మీప్రసన్న. రిటైరైనా పిలిస్తే వెళ్ళిన నేను.

రావలసినవారు: తాడేపల్లిగూడెం శేషగిరి గారు, మర్నాడు ఉదయం, బయానాతో.

ఏ ఇల్లు చూపించినా ఆ రోజు డైరీలో మొదట ఇలా రాసుకోవడం నాకు అలవాటు. ఎవరెవరు ఉన్నారో రాసుకుంటే, ఎవరు ఏమన్నారో తరువాత దానంతటదే గుర్తొస్తుంది. ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య ఇళ్ళు చూపించి, అమ్మించి, కొనిపించి నా ఉద్యోగకాలమంతా గడిపాను. జనం బ్రోకరు అంటారు. ఆ మాటకి నేనెప్పుడూ నొచ్చుకోలేదు. ఇప్పుడు ఆఫీసు నడుపుతున్నది ప్రసన్న. కొత్తగా చేరినవాళ్ళకి పనికొచ్చేలా ఏదైనా రాసివ్వమని ఆమె అడిగింది. కమీషన్ సంగతులూ రిజిస్ట్రేషన్ సంగతులూ మీకు పని చేస్తుంటే వచ్చేస్తాయి. అందుకని వాటిని వదిలేసి కునుకు గురించి రాస్తున్నాను.

పేరయ్య గారి చాప

నేను పని నేర్చుకున్నది తాడేపల్లిగూడెంలో, పేరయ్య గారి దగ్గర. ఉల్లిపాయల మార్కెట్ పక్క సందులో ఒక గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. గోడకి ఆనించి, చుట్టిపెట్టిన తుంగచాప. ఆ చాప ఆయన సైకిలు వెనక కట్టుకుని ఊళ్ళు తిరిగేవారు.

ఎవరైనా ఒక ఇంటిని రెండోసారి చూస్తామని వస్తే ఆయన చెప్పేది ఎప్పుడూ ఒకటే. "ఇంటి దగ్గర సుబ్బరంగా భోంచేసి రండి. చాప నేను తెస్తాను." వచ్చినవాళ్ళు ఆ ఖాళీ ఇంట్లో తమకి నచ్చిన గదిలో చాప పరుచుకుని పడుకోవాలి. ఆయన వీధి అరుగు మీద కూర్చుని ఎవరినీ లోపలికి పోనిచ్చేవారు కాదు. నిద్ర పడితే సరే. పట్టకపోతే ఎందుకు పట్టలేదో లేచాక చెప్పాలి. ఇల్లు చూడడమంటే ఆయన లెక్కలో అదే.

జనం నవ్వేవారు. చాప పేరయ్య అని పేరు పెట్టారు. పెళ్ళిచూపులకి వచ్చినవాడు అక్కడే దుప్పటి ముసుగేసినట్టుందని ఒక ప్లీడరు గారు ఎగతాళి చేస్తే, "అదీ మంచిదేనండీ, గురక సంగతి ముందే తేలిపోతుంది" అన్నారు పేరయ్య గారు.

మెలకువగా ఉన్న మనిషి ఇంటిని కొలుస్తాడు. గోడ తట్టి చూస్తాడు, బీరువా ఎక్కడ పడుతుందో చూస్తాడు. బావమరిది ఏమంటాడో, ఆఫీసువాళ్ళు ఏమంటారో అని వాళ్ళ కళ్ళతో కూడా చూస్తాడు. పడుకున్నాక ఆ చూపులన్నీ సద్దుమణుగుతాయి. అప్పుడు ఇల్లు మెల్లగా చప్పుడు చేయడం మొదలుపెడుతుంది. ఎక్కడో కుళాయి చుక్కలు పడతాయి. తలుపు ఒకటి తనంతట తను కొద్దిగా కదులుతుంది. వీధిలో పోయేవాళ్ళ మాటలు గదిలోకి వచ్చి, ఒక చుట్టు తిరిగి, బయటికి పోతాయి. ఆ చప్పుళ్ళ మధ్య కన్ను మూతపడిందంటే ఆ మనిషి అక్కడ ఉండగలడని అర్థం.

ఉంగుటూరులో ఒక డాబా ఇల్లు ఉండేది. గాలీ వెలుతురూ బాగున్నాయి, ధర సబబుగానే ఉంది. ఎంతమంది పడుకున్నా నిద్ర మాత్రం పట్టేది కాదు. గోడకి అవతల ఒక అత్తా కోడలూ మధ్యాహ్నం గిన్నెలు తోముతూ వాదన మొదలుపెట్టి కాఫీల వేళ దాకా సాగించేవారు. ఇల్లు అలా ఉండిపోయింది. చివరికి పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒకావిడ ఒక్కరే వచ్చారు. చాప మీద హాయిగా నిద్రపోయి లేచారు. నేను మొహమాటపడుతూ గోడవతల సంగతి చెప్పబోతే, "విన్నానండీ. కోడలిదే న్యాయం" అన్నారు. మనుషుల మాటలు చెవిన పడుతుంటే తనకి ధైర్యంగా ఉంటుందని ఆ ఇల్లే తీసుకున్నారు.

అప్పటినుంచి ఇంటి లోపాలు రాసుకునేటప్పుడు నేను వాటి పక్కన ఖాళీ వదిలేవాణ్ణి. అవి ఎవరికి లోపాలో ముందుగా మనకి తెలియదు.

కాలువ కట్టేసిన రోజులు

పేరయ్య గారు కూడా ఒకసారి బోల్తాపడ్డారు. అది మీరు తప్పకుండా తెలుసుకోవాలి, ఎందుకంటే మన ప్రాంతంలో పనిచేసేవాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు అది.

వేసవిలో మనకి కాలువలు కట్టేస్తారు. నీళ్ళు ఆగిపోయిన ఆ వారాల్లో గట్టు కింద ఇళ్ళన్నీ వేరే ఊళ్ళో ఇళ్ళలా ఉంటాయి. నేల పొడిగా ఉంటుంది, గోడలు పొడిగా ఉంటాయి. పెంటపాడు దగ్గర గట్టు కింద ఇల్లొకటి ఆయన సరిగ్గా ఆ రోజుల్లోనే చూపించారు. కొన్నవారు బదిలీ మీద వచ్చిన హిందీ మాస్టారు. ఆయనా, భార్యా, చంటిబిడ్డా చాప మీద పడుకున్నారు. ముగ్గురికీ నిద్ర పట్టింది. బిడ్డ నవ్వుతూ లేచాడు కూడా. పేరయ్య గారు ఇంకేమీ అడగలేదు.

కాలువ వదిలాక ఊట మొదలైంది. గచ్చు చెమర్చింది. తడి గోడల్లోకి మోకాలెత్తున ఎక్కింది. మాస్టారు వచ్చి కేకలేమీ వేయలేదు. పిల్లవాడికి జలుబు తగ్గడం లేదండీ అని మాత్రం చెప్పారు. ఆ సాయంత్రమే పేరయ్య గారు రిక్షా కట్టించుకుని వెళ్ళి, ఆ కుటుంబాన్ని తన ఇంటి ముందుగదిలోకి తెచ్చి పెట్టుకున్నారు. వానలు వెనకబట్టేదాకా వాళ్ళు అక్కడే ఉన్నారు. ఈలోగా ఆ ఇంటి గోడలు బాగుచేయించే పని ఆయనే దగ్గరుండి చూసుకున్నారు.

తరువాత నాతో ఒక మాట అన్నారు. "నిద్రదేం తప్పు లేదయ్యా. నేనే నీళ్ళు లేని రోజుల్లో పడుకోబెట్టాను."

ఏప్రిల్, మే నెలల్లో గట్టు పక్క ఇల్లు నచ్చిందని ఎవరైనా అంటే, నీళ్ళు వదిలాక ఇంకోసారి రమ్మనండి. ఈలోగా బేరం పోతే పోనివ్వండి. నీళ్ళున్నప్పుడు చూసినవాళ్ళకి కూడా, నీళ్ళు లేనప్పుడు ఎలా ఉంటుందో చెప్పండి.

అటకకి కొత్త పేరు

ఇక ఉన్నికొట్టు సంగతి. ప్రసన్న ఇంటర్నెట్‌లో ప్రకటన పెట్టి నాకు చూపించింది. చారిత్రక భవనంలో లాఫ్ట్ అపార్ట్‌మెంట్ అమ్మకానికి ఉందని రాసింది. లాఫ్ట్ అంటే ఏమిటమ్మా అన్నాను. పైకప్పు కింద గదుల్లేకుండా ఒకటే పెద్ద హాలు, దూలాలన్నీ కనబడుతూ ఉంటాయి, సిటీల్లో ఇప్పుడు అవే అడుగుతున్నారు అని చెప్పింది.

"అయితే అటక" అన్నాను.

"అటకని రాస్తే ఆవకాయ జాడీలు పెట్టుకోవడానికి వస్తారండీ మాస్టారూ" అంది. నేనెప్పుడూ బడిలో పాఠం చెప్పలేదు గానీ, ఆమె నన్ను అలాగే పిలుస్తుంది.

ఏలూరు తివాచీలకి గిరాకీ బాగా ఉన్న రోజుల్లో ఒక వ్యాపారి కట్టించిన భవనం అది. కింద సరుకు దింపే కొట్లు, మధ్య అంతస్తులో మగ్గాలు, పైన ఉన్ని ఆరబోసే హాలు. వ్యాపారం తగ్గాక కింది భాగాలు చేతులు మారాయి. ఇప్పుడు కింద బట్టల గోడౌను ఉంది, మధ్యలో ఆడవాళ్ళకి కుట్టుమిషన్లు నేర్పుతున్నారు. పై అంతస్తు ఒక్కటే ఆ వ్యాపారి మనవరాలు మెహరున్నిసా గారి వాటాకి మిగిలింది. ఆవిడ అక్కడ వంటగది, స్నానాలగది కట్టించుకుని చాలాకాలం ఉన్నారు. మోకాళ్ళు సహకరించక దిగిపోయి, వెనక వీధిలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు.

అంత అందమైన ఇల్లు నేను ఎక్కువ చూడలేదు. నేలంతా టేకు పలకలు. పలకల సందుల్లో పాత ఉన్ని పోగులు ఇరుక్కుని ఉన్నాయి, ఎర్రవీ నీలివీ. ఎంత ఊడ్చినా రావు. ఎండ ఏటవాలుగా పడితే నేల మీద తివాచీ ఒకటి కనబడీ కనబడకుండా పరుచుకుని ఉన్నట్టుంటుంది. మధ్యలో రెండు లావుపాటి కర్ర స్తంభాలు. పైన పెంకులు, వాటి కింద తెల్లరంగు వేసిన చెక్కపలకల కప్పు. పడమటి గోడకి, కాలువ మీదికి, మూడు పెద్ద కిటికీలు. పావురాల భయంతో ఆవిడ వాటిని ఏళ్ళ తరబడి మూసే ఉంచారు.

శేషగిరి గారికి గూడెంలో హోటలు ఉంది. కాలువ చూస్తూ భోంచేసేలా ఇక్కడ ఇంకొకటి పెడదామని ఆయన ఆలోచన. మంచి మనిషి, మాటంటే మాటే. కిటికీలకి అద్దాలు, నేల మీద టైల్స్, బల్లలకి అడ్డం రాకుండా ఆ రెండు స్తంభాలూ తీయించడం, ఇవన్నీ లెక్కవేసుకున్నారు. గురువారం ఉదయం వడ్రంగిని వెంటబెట్టుకుని, బయానా పట్టుకుని వస్తానన్నారు. మెహరున్నిసా గారు రమ్మన్నారు. ఇస్తానని అనలేదు. బయానా చేతిలో పడేదాకా మన వృత్తిలో మాట అయినట్టు కాదు. ప్రసన్న మాత్రం అయిపోయినట్టే లెక్కపెట్టుకుంది.

"ఎవరు కొన్నా నాకు ఒకటేనండీ" అన్నారు మెహరున్నిసా గారు నాతో. అంతలోనే, "మా పెరట్లోంచి దాని వెనక కిటికీ కనబడుతుంది. తెల్లవారుజామున లేచినప్పుడు అటు చూస్తాను. హోటలైతే రాత్రి తాళం వేసుకుని వెళ్ళిపోతారు కదండీ. ఆ వేళకి ఎవరూ ఉండరు" అన్నారు. అంతకుమించి ఆవిడ ఏమీ కోరలేదు.

గేటు మనిషి

జోజిబాబు గారు భీమడోలు వైపు ఒక రైలు గేటు దగ్గర పనిచేసి రిటైరయ్యారు. ఎక్కువకాలం రాత్రి డ్యూటీ. ఎస్తేరు గారు మిషన్ స్కూల్లో టీచరుగా చేశారు. క్వార్టర్సు ఖాళీ చేశాక భీమడోలులోనే పట్టాలకి దగ్గరగా అద్దెకి దిగారు. అక్కడ బండి చప్పుడు దూరంగా వినబడగానే ఆయన లేచి కూర్చుంటారు. చేయి గేటు తిప్పే పిడి కోసం చీకట్లో తడుముకుంటుంది. అక్కడ మంచం పట్టె తప్ప ఏమీ ఉండదు. మళ్ళీ నడుం వాల్చేలోగా ఇంకో బండి వస్తుంది. మందులు వాడితే తల దిమ్ముగా ఉండేది, నిద్ర మాత్రం రాలేదు. ఈమధ్య నడుస్తూ నడుస్తూ రోడ్డు మధ్యలో నిలబడిపోతున్నారు. ఒకసారి ఎవరో చేయి పట్టుకుని లారీ ముందునుంచి పక్కకి లాగారట. ముందు ఆ పట్టాల దగ్గరనుంచి కదలండి అని డాక్టరు గట్టిగా చెప్పారు.

వాళ్ళకి ప్రసన్న చాలా ఇళ్ళు చూపించింది. చాప పట్టుకుని నేనూ వెళ్ళాను. ప్రతి ఇంట్లోనూ ఆయన బుద్ధిగా వెల్లకిలా పడుకుని, కళ్ళు తెరుచుకుని కప్పు చూస్తూ ఉండేవారు. లేచి, ఇల్లు చాలా బాగుందండీ అనేవారు. ఎవరినీ నొప్పించే మనిషి కాదు. వెనకనుంచి ఎస్తేరు గారు తల అడ్డంగా ఊపేవారు.

ఉన్నికొట్టుకి వచ్చే ముందురోజు ఆవిడ ఫోను చేశారు. "ఇదే ఆఖరిదండీ. ఇక్కడా పట్టకపోతే ఇంక చూడడం మానేస్తాం. తిరగడానికి కూడా ఆయనకి ఓపిక చాలట్లేదు" అన్నారు. గొంతులో ఏడుపు లేదు. ఆవిడకీ నిద్ర లేక చాలాకాలమైనట్టుంది.

ఆ మధ్యాహ్నం

ఇంటి లోపాలు మెట్ల మీదే చెప్పేయాలి. ఆయాసపడుతున్నప్పుడు మనిషి నిజం బాగా వింటాడు. లిఫ్టు లేదని, స్థలంలో ఉమ్మడి వాటా మాత్రమే వస్తుందని, మే నెలలో పైన బాగా వేడని, స్టేషను దూరమే అయినా గాలి ఇటు తిరిగితే రైలు కూత వినబడుతుందని ఎక్కుతూ ఎక్కుతూ చెప్పాను. కూత మాట వినగానే ఎస్తేరు గారు ఒక మెట్టు మీద ఆగి, మళ్ళీ ఎక్కారు. "మీరు అమ్మేవారి తరఫో కొనేవారి తరఫో నాకిప్పటికీ తెలీదండీ మాస్టారూ" అని ప్రసన్న నా వెనకనుంచి గొణిగింది.

మెహరున్నిసా గారు కూడా ఎక్కారు. వద్దన్నా వినలేదు. గోడ పట్టుకుని, మలుపు మలుపుకీ ఆగుతూ, అందరికంటే ఆఖరున పైకి చేరారు.

చాప పరిచేముందు కిటికీలన్నీ తీయడం పేరయ్య గారు నాకు నేర్పిన పద్ధతి. పడమటి కిటికీల గడియలు తుప్పుపట్టి ఉన్నాయి. మెల్లగా కొట్టి తీశాను. పావురాలు లేచిపోయాయి. నీటి వాసనతో గాలి లోపలికి వచ్చింది. ఆ గాలికి ఎక్కడో అణగిపోయిన ఉన్ని వాసన కూడా లేచింది. మెహరున్నిసా గారు అది గుండెనిండా పీల్చారు.

జోజిబాబు గారు రెండు స్తంభాల మధ్య చాప వేయించుకున్నారు. చొక్కా విప్పి మడిచి తల కింద పెట్టుకున్నారు. ఎస్తేరు గారు గోడకి చేరగిలబడ్డారు. మేము ముగ్గురం మెట్ల దగ్గర కూర్చున్నాం. కింద అంతస్తులో కుట్టుమిషన్లు ఒక్కొక్కటిగా ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ ఉన్నాయి. ఆయన ఎప్పటిలాగే కళ్ళు తెరుచుకుని కప్పు చూస్తున్నారు. చాలాసేపు అంతే. ఎస్తేరు గారు చీర కొంగు వేలికి చుట్టుకోవడం, విప్పుకోవడం. అయిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు పొద్దు కాలువ మీదికి వాలింది. నీళ్ళ మీద పడిన ఎండ కిటికీల్లోంచి పైకి లేచి తెల్లటి కప్పు మీద పడింది. కప్పంతా కదలడం మొదలుపెట్టింది. వెలుగు సన్నని గీతలుగా విడిపోయి, ఒకదాన్నొకటి తాకి, మళ్ళీ విడిపోతూ దూలాల మీదినుంచి నెమ్మదిగా జారింది. గోడలు, స్తంభాలు, మా మొహాలు అన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపించాయి. నేల సందుల్లో ఎర్ర పోగులు, నీలి పోగులు ఒక్కసారి వెలిగి ఆరాయి. మెహరున్నిసా గారు కళ్ళప్పగించి చూస్తున్నారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ కిటికీలు మూసే ఉన్నాయి కదా.

"దోనెలో..." అన్నారు జోజిబాబు గారు, ఎవరితోనూ కాకుండా. "వంతెన కింద దోనె కట్టేసి నాన్న..." మాట అక్కడ ఆగింది. ఎస్తేరు గారు ముందుకి వంగి చూసి, వెంటనే మా వైపు చేయి ఎత్తారు, కదలవద్దని.

ఆయన నిద్రపోయారు.

మిగతా మాట ఎస్తేరు గారు తరువాత నాకు చెప్పారు. ఆయనది కొల్లేరు లంక గ్రామం. చిన్నప్పుడు తండ్రి తాటిదోనెలో చేపలకి వెళ్తూ వెంట తీసుకువెళ్ళేవాడు. ఎండ ముదిరితే దోనెని వంతెన కింద కట్టేసి, పిల్లవాణ్ణి అందులో పడుకోబెట్టేవాడు. వంతెన అడుగున వెలుగు ఇలాగే ఆడేదట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆ సంగతి చెప్పడం అదే మొదలని, అదీ సగమే చెప్పి నిద్రపోయారని, మిగతాది నిద్ర లేచాకే అడిగానని ఆవిడ నవ్వారు.

చూపించేవాడు నిద్రపోకూడదని పేరయ్య గారి నియమం. రిటైరయ్యాను కాబట్టి ఆ వేళ నాకూ కళ్ళు బరువెక్కాయి. నేను చూపించిన ఇళ్ళన్నీ ఒకే ఇల్లయి కనబడ్డాయి. ఉంగుటూరు డాబా తలుపు తీస్తే పెంటపాడు గచ్చు వచ్చింది, గచ్చు దాటితే పోస్టాఫీసు ఆవిడ కాఫీ కలుపుతూ గోడవతలికి చెవి ఒగ్గి ఉన్నారు. ప్రతి గదిలోనూ ఎవరో ఒకరు చాప మీద పడుకుని ఉన్నారు. నేను ఎవరినీ లేపకుండా వాళ్ళ మధ్యనుంచి నడిచి వెళ్తున్నాను. ఆ గదుల చివర నీళ్ళున్నాయి. నీళ్ళ మీద గూడబాతులు ఈదుతున్నాయి.

రైలు కూత వినబడి ఉలిక్కిపడి లేచాను.

కూత సన్నగా, దూరంగా వచ్చింది. గాలి ఇటు తిరిగినట్టుంది. మేమందరం ఒకేసారి ఆయన వైపు చూశాం. ఆయన కుడిచేయి చాప మీద కదిలింది. వేళ్ళు తెరుచుకుని దేనికోసమో పక్కకి వెళ్ళాయి. ఎస్తేరు గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆ చేయి స్తంభానికి తగిలింది. టేకు స్తంభం, చల్లగా, నున్నగా ఉంటుంది. ఆయన దాన్ని పట్టుకున్నారు. కాసేపు అలా పట్టుకుని, ఆ చేతి వైపుకే ఒత్తిగిలి, మోకాళ్ళు ముడుచుకుని, గట్టిగా ఊపిరి వదిలారు. బండి వెళ్ళిపోయింది. ఆయన లేవలేదు.

సాయంత్రం మెట్ల దగ్గర

కుట్టుమిషన్లు ఆగిపోయాయి. కప్పు మీది వెలుగు ఎర్రబడి, సన్నబడి, పోయింది. ఆయన లేవలేదు. మేము నలుగురం మెట్ల మలుపులోకి దిగి చిన్న గొంతుతో మాట్లాడుకున్నాం.

నేను చెప్పవలసినది చెప్పాను. వేసవిలో కాలువ కట్టేస్తారని, ఆ వారాల్లో ఈ వెలుగు ఉండదని, మబ్బు పట్టినప్పుడూ ఉండదని చెప్పాను. ఆయన వయసుకి రోజూ ఇన్ని మెట్లు ఎక్కడం సంగతి కూడా ఆలోచించుకోమన్నాను. హోటలు కోసం ఇంకొకరు మర్నాడు బయానాతో వస్తున్న సంగతీ దాచలేదు.

"నిద్రపోయిన మనిషి మెట్లు ఎక్కుతాడండీ" అన్నారు ఎస్తేరు గారు. "నిద్ర లేకపోతే పక్క గదికి కూడా వెళ్ళలేకపోతున్నారు. కాలువ కట్టేసేసరికి ఆయనకి అలవాటవుతుంది లెండి. అలవాటు పడకపోతే, నీళ్ళు వచ్చేదాకా చూస్తాం." అప్పుడు మెహరున్నిసా గారి వైపు తిరిగారు. "రేపు వచ్చేవారికి మాట ఇచ్చేశారా అండీ?"

ప్రసన్న నా వైపు చూసింది. శేషగిరి గారు ఒక్కసారిగా మొత్తం ఇవ్వగలిగినవారు. వీళ్ళు రిటైరయ్యాక వచ్చిన డబ్బూ, బ్యాంకు అప్పూ కలుపుకుని మెల్లగా కట్టవలసినవారు. అది అందరికీ తెలుసు. పనిలో కొత్తగా ఉన్నప్పుడైతే ఇలాంటిచోట ఏదో ఒకటి మాట్లాడేసేవాణ్ణి. ఇక్కడ మాట్లాడకండి. అమ్మేవారి మౌనం వాళ్ళది. దాన్ని మనం నింపకూడదు.

"ముందు ఆయన్ని లేవనివ్వండి" అన్నారు మెహరున్నిసా గారు, కొంతసేపటికి. "లేపొద్దు. లేచేదాకా ఉండండి. చెల్లెలి ఇంటినుంచి దుప్పట్లూ భోజనమూ పంపిస్తాను."

దిగేటప్పుడు ప్రసన్న, "నిద్రపోయినంత మాత్రాన ఇల్లు వాళ్ళదైపోతుందా మాస్టారూ? పొద్దున్న శేషగిరి గారికి నేనేం చెప్పాలండీ?" అని అడిగింది. ఆమె అడిగినది సబబే. ఆఫీసు ఆమెది, మాట పడేదీ ఆమే. నాకు తెలియదమ్మా, పొద్దున్న వస్తాను అన్నాను.

మర్నాడు ఉదయం

నేను వెళ్ళేసరికి కాలువ మీద మంచు ఇంకా విడలేదు. గూడబాతులు కొల్లేరు వైపు వరసకట్టి పోతున్నాయి. ఉన్నికొట్టు తలుపు దగ్గర ప్రసన్న నిలబడి ఉంది. పైకి చూడమని సైగ చేసింది. మెహరున్నిసా గారు పై మలుపులో, మెట్టు మీద కూర్చుని ఉన్నారు. పక్కన టీ ఫ్లాస్కు, గ్లాసులు. తెల్లవారగానే వచ్చి, ఎవరి సాయమూ లేకుండా మళ్ళీ అన్ని మెట్లూ ఎక్కారట.

మేము ఎక్కి వెళ్ళాక ఎస్తేరు గారు బయటికి వచ్చి మాకు వినబడీ వినబడకుండా చెప్పారు. ఆయన రాత్రి ఒక్కసారి లేచారు. మంచినీళ్ళు తాగి, బండి వెళ్ళిపోయిందా అని అడిగారు. వెళ్ళిపోయిందండీ అంటే, ఆ స్తంభం వైపు తిరిగి మళ్ళీ పడుకున్నారు. అంతే. ఆవిడ కూడా కాసేపు నిద్రపోయినట్టున్నారు. చెంప మీద చాప అచ్చు పడి ఉంది.

కింద కారు ఆగిన చప్పుడైంది. శేషగిరి గారు, వెనక టేపు పట్టుకుని వడ్రంగి, చకచకా ఎక్కి వస్తున్నారు. చెక్క మెట్లు కదా, చెప్పుల మోత భవనమంతా వినబడింది. ఎస్తేరు గారు లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ప్రసన్న వాళ్ళకి ఎదురుగా ఒక మెట్టు దిగింది.

మెహరున్నిసా గారు గోడ పట్టుకుని లేచి, దారికి అడ్డంగా నిలబడ్డారు.

"కొంచెం నెమ్మదండీ" అన్నారు. "లోపల నిద్రపోతున్నారు."

శేషగిరి గారు ఎక్కే మెట్టు మీదే ఆగారు. గొంతు తగ్గించి, "ఎవరండీ?" అన్నారు.

"ఇంటివారు" అన్నారావిడ.

ఆయన మూసిన తలుపు చూశారు, ఆవిడని చూశారు, మమ్మల్ని చూశారు. వడ్రంగి చేతిలోని టేపు తీసి జేబులో వేసుకున్నారు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, వడ్రంగికి కూడా సైగ చేసి, చప్పుడు కాకుండా ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళిపోయారు.